నెల్లూరులో గిటార్ నెక్ వంగితే: కోటమిట్ట భాయ్ షాపు రివ్యూ

ముందే చెప్పేస్తా. గిటార్ నెక్ (తీగల కింద ఉండే పొడుగు మెడ) వంగిపోయింది, చెన్నై తీసుకుపోవాలా కొత్తది కొనాలా అని ఆలోచిస్తా ఉన్న నెల్లూరు వాళ్ళు ఎవరైనా ఉంటే, ఆ రెండిట్లో ఏదీ చేయకముందు ఒకసారి కోటమిట్టలో ఉండే ఈ షాపుకి పోండి. బోర్డు లేదు, మ్యాప్‌లో కొట్టినా రాదు. ఆయన పేరూ నంబరూ నెట్‌లో పెట్టొద్దన్నాడు, ఫోన్లు ఎత్తతా కూర్చుంటే చేతిలో పని చెడిపోద్దంట, అందుకే పెట్టట్లా. ఆ పక్కకి పోయి హార్మోనియాలు బాగుచేసే భాయ్ యాడ ఉంటాడని ఎవర్ని అడిగినా చూపిస్తారు. బాలు గారిని మావాడు అని గర్వంగా చెప్పుకునే ఊళ్ళో వాయిద్యాలకి ఇట్టాంటి పనిమంతుడు ఉన్నాడని ఎక్కువ మందికి తెలియకపోవడం నాకు బాధగా అనిపించింది, ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం అదే.

గిటార్ మా అన్నది. ఆయన ఇంటర్లో ఉన్నప్పుడు మా నాయన కొనిచ్చాడు. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం, మరీ చవక రకం కాదు, మరీ ఖరీదైందీ కాదు, స్ప్రూస్ చెక్క టాప్ (బాడీ పైపలక), మహాగనీ నెక్, రోజ్‌వుడ్ ఫ్రెట్‌బోర్డ్ (నెక్ మీద వేళ్ళతో నొక్కే పలక, దాని మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీలే ఫ్రెట్లు). అన్న ఉద్యోగానికి వేరే దేశం పోయాక అది వేదాయపాళెంలో మా మిద్దె మీద గదిలో బీరువా పక్కన ఉండిపోయింది, తీగలు బిగించినవి బిగించినట్టే. మే నెలలో నెల్లూరు మిద్దె మీద గది ఎట్ట కాలిపోతదో ఇక్కడోళ్ళకి చెప్పక్కర్లా, 42 డిగ్రీలు దాటే రోజులుంటాయి, అది అయిపోయాక అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాలు, తుఫాన్లు, గోడలకి కూడా చెమ్మ. వానల్లో తలుపు ఉబ్బి చట్రంలో ఇరుక్కుంటది చూడండి, గిటార్‌లో ఉండేది కూడా ఆ చెక్కే, దానికీ అదే గుణం, కాకపోతే తలుపుని రాత్రీపగలూ ఎవరూ లాగతా ఉండరు. గిటార్‌కి లైట్ గేజ్ స్టీలు తీగలు పన్నెండు నంబర్ సెట్ (నంబర్ తగ్గేకొద్దీ తీగ సన్నం) వేసి శ్రుతికి బిగిస్తే ఆరు తీగలూ కలిసి నెక్‌ని లాగే లాగుడు 70 కిలోల పైమాటే. అంత లాగుడు, అంత ఎండ, అంత చెమ్మ, ఇన్నేళ్ళు. వంగకపోతేనే ఆశ్చర్యం.

అసలు ఈ లాగుడుని తట్టుకోవడానికే నెక్ లోపల ట్రస్ రాడ్ అని ఒక ఇనుప కడ్డీ పెడతారు. గిబ్సన్ కంపెనీలో పనిచేసిన థాడియస్ మెక్‌హ్యూ అనే ఆయన తిప్పి సరిచేసుకునే రకం కడ్డీకి 1923లో పేటెంట్ తీసుకున్నాడు, ఇప్పుడు మనం వాడే స్టీలు తీగల గిటార్లు దాదాపు అన్నిట్లో ఉండేది దాని వారసులే. నైలాన్ తీగల క్లాసికల్ గిటార్లకి మాత్రం మామూలుగా ఉండదు, వాటి తీగల లాగుడు ఇందులో సగమే కాబట్టి. మనోళ్ళు చానామంది ఈ రాడ్‌ని చూసి నెక్ అటూ ఇటూ ఎట్ట కావాలంటే అట్ట తిప్పే మర అనుకుంటారు. కాదు. తీగల లాగుడుకి ఎదురు బలం ఇవ్వడమే దాని పని. కొంచెం వంపు ఉంటే దాంతో సర్దుకోవచ్చు, చెక్కే ఆకారం మారిపోతే అది ఒక్కటే ఏం చేయలేదు.

మా గిటార్‌కి ఏమైందంటే, పన్నెండో ఫ్రెట్ దగ్గర లావు తీగకీ ఫ్రెట్‌కీ మధ్య సందు నాలుగు మిల్లీమీటర్ల పైన ఉండాది. ఉండాల్సింది రెండున్నర లోపు. ఎఫ్ కార్డ్ (చూపుడు వేలితో తీగలన్నీ ఒకేసారి నొక్కే పట్టు) పట్టుకుంటే మణికట్టు దాకా నొప్పి, ఓపెన్‌లో జి కార్డ్ వాయిస్తే బాగానే పలుకుతది, రెండో ఫ్రెట్‌లో కేపో (తీగలన్నిటినీ నొక్కి పట్టే క్లిప్పు) పెట్టగానే శ్రుతి మొత్తం పోద్ది. ఒక చిన్న పరీక్ష ఉండాది, ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు: లావు తీగని ఒక చేత్తో మొదటి ఫ్రెట్ దగ్గర, ఇంకో చేత్తో బాడీ కలిసే కాడ పద్నాలుగో ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టుకుని మధ్యలో ఆరు ఏడు ఫ్రెట్ల దగ్గర తీగ కింద ఎంత సందు ఉందో చూడండి. బిగించిన తీగ ఎప్పుడూ తిన్నగానే ఉంటది కాబట్టి అదే స్కేలు. విజిటింగ్ కార్డ్ సులువుగా దూరి ఇంకా వదులుగా కదలాడతా ఉంటే నెక్ ముందుకి వంగినట్టు. సందే లేకుండా తీగ ఫ్రెట్లకి ఆనుకుని ఉంటే వెనక్కి వంగి ఉండొచ్చు. మా దాంట్లో రెండు కార్డులు కలిపి పెట్టినా దూరతా ఉండాయి.

భాయ్ దగ్గరికి పోకముందు వేరే ఊళ్ళో ఒక షాపులో చూపించాం. ఆ మనిషి గిటార్ చేతికి ఇయ్యగానే తీగలు శ్రుతిలో ఉన్నాయా లేదా కూడా చూడలా, అలెన్ కీ పెట్టి ట్రస్ రాడ్ బిగించడం మొదలుపెట్టాడు, దాని కొసన ఉండే నట్ ఇంక తిరగనంత దాకా బిగించాడు, ఆ తర్వాత నెక్ పోయింది కొత్తది తీసుకోండి అని గోడకి తగిలించిన గిటార్లు చూపించాడు. ఎవరనేది వదిలేయండి. కానీ ఆ పద్ధతి చానా చోట్ల అట్టానే ఉండాది, అందుకే భాయ్ ఏం చేశాడో కాస్త వివరంగా రాస్తా ఉండా.

ఆయన మొట్టమొదట చేసిన పని గిటార్‌ని శ్రుతి చేయడం. తీగలు వదులుగా ఉన్నప్పుడు నెక్ ఒక తీరుగా ఉంటది, పూర్తి లాగుడు మీద ఇంకో తీరుగా ఉంటది, మనం వాయించేది రెండోదాని మీద కదా. శ్రుతి చేసి కాసేపు పక్కన పెట్టి టీ తాగొచ్చాడు. ఆ తర్వాత గిటార్‌ని తుపాకీ పట్టినట్టు పట్టుకుని ఒక కన్ను మూసి హెడ్‌స్టాక్ (తీగలు బిగించే మరలుండే నెక్ కొస) వైపు నుంచి నెక్ అంచు వెంబడి చూశాడు, తిప్పి బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు తగిలించే చోటు) వైపు నుంచి చూశాడు, లావు తీగ వైపు అంచు వేరుగా, సన్న తీగ వైపు అంచు వేరుగా. రెండు అంచులూ ఒకే తీరుగా వంగితే అది మామూలు వంపు, ఒకటి ఒక రకంగా ఇంకోటి ఇంకో రకంగా ఉంటే నెక్ మెలి తిరిగినట్టు, మెలి తిరిగితే రాడ్‌తో పని కాదు అని చెప్పాడు. మా అదృష్టం, మెలి లేదు. తర్వాత ఫిల్లర్ గేజ్ తీశాడు, బండ్ల ఇంజన్లలో టాపెట్లు సెట్ చేసేటప్పుడు మెకానిక్కులు వాడేది, అదే. తీగ కింద ఒక్కో రేకు దూర్చి చూస్తే ఏడో ఫ్రెట్ దగ్గర 0.7 మిల్లీమీటర్లు వచ్చింది. ఎంత ఉండాలని అడిగితే 0.2, మహా అయితే 0.3, అసలు లేకుండా బల్లపరుపుగా కూడా ఉండకూడదు, తీగ ఊగడానికి మధ్యలో కొంచెం చోటు కావాలి అన్నాడు.

"అబ్బయ్యా, దీంట్లో జబ్బు ఒకటి కాదు, మూడుండాయి. మీరు మూడిటికీ కలిపి నెక్ వంగింది అనేస్తా ఉండారు" అన్నాడు. ఒకటి నెక్ నిజంగానే ముందుకి వంగడం. రెండోది పద్నాలుగో ఫ్రెట్ తర్వాత బాడీ మీద ఉండే ఫ్రెట్‌బోర్డ్ ముక్క కొంచెం పైకి లేచి ఉండటం, దీన్ని రాడ్‌తో ఎంత తిప్పినా దించలేం, ఎందుకంటే ఆ భాగంలో రాడ్ పని చేయదు. మూడోది శాడిల్ (బ్రిడ్జ్ మీద తీగలు ఆనే పట్టీ) మొదటి నుంచీ ఎత్తుగానే ఉండటం. ఈ మూడోది ఎవరూ చెప్పలా మాకు. పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ ఒక మిల్లీమీటర్ దిగాలంటే శాడిల్ రెండు మిల్లీమీటర్లు అరగదీయాలంట, పన్నెండో ఫ్రెట్ సరిగ్గా తీగ సగం దూరంలో ఉంటది కాబట్టి. ఇట్టా లెక్క చెప్పి పని మొదలుపెట్టే మనిషి మీద నాకు అప్పుడే నమ్మకం వచ్చేసింది.

ముందు రాడ్. తీగలు వదులు చేసి హెడ్‌స్టాక్ మీద ఉండే చిన్న ప్లాస్టిక్ మూత విప్పి నట్ మెల్లగా వదులు చేసి బయటికి తీశాడు. మన సముద్రపు గాలికి మరలన్నీ తుప్పు, అందుకే సగం బిగువు తుప్పుకే పోతా ఉంది, దానికి తోడు మర చివరికి వచ్చేసింది, ఇంక బిగించడానికి దారి లేదు. బ్రష్‌తో తుప్పు రాల్చి ఒక చుక్క నూనె వేసి, నట్ వెనక చిన్న వాషర్ వేశాడు. అంతే, నట్‌కి మళ్ళీ తిరిగే చోటు దొరికింది. ఇది పాత రకం సింగిల్ యాక్షన్ రాడ్ కాబట్టి కుదిరింది, ఇప్పుడొచ్చే రెండు వైపులా పనిచేసే రాడ్లకి నట్ ఇట్టా బయటికి రాదు, బలవంతం చేస్తే రాడ్డే పోద్ది, ఇంట్లో ఎవరూ చేయొద్దని నాకు రెండుమూడు సార్లు చెప్పాడు, నేనూ అదే చెప్తా ఉండా.

ఆ తర్వాత చేసిందే ఈ పనిలో గొప్ప భాగం. అల్యూమినియం కిటికీలకి వాడే చదరపు పైపు ముక్క ఒకటి ఉండాది ఆయన దగ్గర, వంక అనేది లేకుండా తిన్నగా ఉండేది ఏరుకుని పెట్టుకున్నాడు. దాన్ని ఫ్రెట్‌బోర్డ్ వైపు పెట్టి, హెడ్‌స్టాక్ మొదట్లో తీగలు ఆనే పట్టీ (దాన్నీ నట్ అనే అంటారు, రాడ్ నట్ వేరు) దగ్గర ఒకటి బాడీ దగ్గర ఒకటి చిన్న చెక్క దిమ్మలు ఎత్తుగా వేసి, నెక్ వెనక మధ్యలో తోలుముక్క పెట్టి సీ క్లాంప్‌తో పైపు వైపు లాగి బిగించాడు. అంటే వంగిన దిక్కుకి ఎదురుగా, కావాల్సిన దానికంటే కొంచెం ఎక్కువే. బాడీ మీద మందం గుడ్డ, దాని మీద ఫాయిల్ కప్పాడు, పాలిష్ పాడవకుండా. నడుంనొప్పికి ఫిజియోథెరపీలో పెట్టే ఎర్ర లైటు ఉంటది కదా, అది తెచ్చి ఫ్రెట్‌బోర్డ్ మీదకి పెట్టాడు. మధ్యమధ్యలో అరచేయి ఆనించి చూస్తా, దూరం జరపతా, దగ్గరికి తెస్తా. ఫ్రెట్‌బోర్డ్‌నీ నెక్‌నీ కలిపే జిగురు వేడికి మెత్తబడి రెండు చెక్కలూ ఒకదాని మీద ఒకటి వెంట్రుకవాసి జరుగుతాయంట, ఆ జరిగిన తీరులోనే చల్లారనిస్తే జిగురు మళ్ళీ గట్టిపడి కొత్త ఆకారాన్ని పట్టుకుంటది. చల్లారకముందు క్లాంప్ విప్పితే పనంతా వృథా. మరుసటి రోజు దాకా ముట్టుకోనియ్యలా.

ఇది అన్నిసార్లూ నిలబడదని కూడా ముందే చెప్పాడు. కొన్ని నెక్కులు కొన్ని నెలల్లో మళ్ళీ పాత వంపుకి పోతాయి, అప్పుడు ఫ్రెట్లన్నీ పీకి బోర్డ్‌ని చిత్రిక పట్టి మళ్ళీ ఫ్రెట్లు కొట్టాలి, దానికి ఖర్చు ఎక్కువ, ముందు ఇది చూద్దాం అన్నాడు. గ్యారంటీ అని నోటితో అనలా. నాకు అదే నచ్చింది.

పైకి లేచిన చివరి ఫ్రెట్ల సంగతి చూస్తే, ఫ్రెట్‌బోర్డ్‌కి టేప్ అంటించి, ఫ్రెట్ల తలల మీద మార్కర్‌తో నల్లగా పూసి, చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ సన్నటి పట్టీకి ఎమరీ పేపర్ అతికించి దాంతో రుద్దాడు. మన ఒంగోలు పక్క రాయి ఎక్కడెక్కడో దేశాల్లో గచ్చులకీ గట్లకీ పోతదని తెలుసు గానీ గిటార్ ఫ్రెట్లు చదును చేయడానికి పనికొస్తదని నేను కలలో కూడా అనుకోలా. మెషిన్ మీద కోసి పాలిష్ పట్టిన రాయి కాబట్టి అంత చదునుగా ఇంకేదీ ఈ రేటుకి దొరకదంట. ఎత్తుగా ఉన్న ఫ్రెట్ మీద నలుపు ముందు చెరిగిపోద్ది, పల్లంగా ఉన్నదాని మీద అట్టే ఉంటది, అన్నిటి మీదా సమానంగా చెరిగేదాకా రుద్దడమే. తర్వాత చదునైపోయిన తలల్ని సన్న ఆకురాయితో మళ్ళీ గుండ్రంగా చేసి మెరుగు పెట్టాడు. ఈ పని కోసం ఒక సాయంత్రం నేను పక్కనే కూర్చున్నా, ఆయన ఒక్క ఫ్రెట్‌ని కూడా తొందరగా వదల్లా, రుద్దేది, వేలితో తడిమేది, బల్బు కింద వంచి చూసేది, మళ్ళీ రుద్దేది. వాళ్ళ అమ్మ వైపు వాళ్ళు ఉదయగిరిలో చెక్క గరిటెలు, స్పూన్లు చేసేవాళ్ళంట, చెక్క మీద చేయి తిరగడం అట్టా వచ్చిందేమో అనుకున్నా.

తీగలు ఆనే పాత ప్లాస్టిక్ నట్ తీసేసి ఎముక నట్ వేశాడు, గాళ్ళు ఒక్కో తీగ మందానికి తగ్గట్టు కోశాడు. శాడిల్‌ని ముందు చెప్పిన లెక్క ప్రకారం అరగదీశాడు. తీగలు పన్నెండు నంబర్ వద్దు పదకొండు వేయమన్నాడు, లాగుడు ఒక ఐదారు కిలోలన్నా తగ్గుద్ది, ఈ వయసు నెక్‌కి ఆ తగ్గింపు మంచిది. అన్నీ అయ్యాక ఏడో ఫ్రెట్ దగ్గర 0.2, పన్నెండో ఫ్రెట్ దగ్గర లావు తీగకి 2.3, సన్న తీగకి 1.8. ఎఫ్ కార్డ్ ఇప్పుడు మా అక్క కూతురు కూడా పట్టతా ఉండాది, దానికి పదేళ్ళు. కేపో యాడ పెట్టినా శ్రుతి పోవట్లా. అన్నకి వీడియో కాల్‌లో వాయించి వినిపిస్తే చాలాసేపు ఏం మాట్లాడలా, తర్వాత ఒక్కసారి నెక్ పక్క నుంచి చూపించు అన్నాడు.

ఒక వానాకాలం గడిచాకే ఈ రివ్యూ రాస్తా ఉండా, ఎందుకంటే కొత్తలో అన్నీ బాగానే ఉంటాయి. నవంబర్లో ముసురు పట్టినప్పుడు యాక్షన్ (ఫ్రెట్ల మీద తీగల ఎత్తు) కొంచెం పైకొచ్చినట్టు అనిపించింది, మళ్ళీ నెక్ వంగిందని కంగారుగా తీసుకుపోయా. భాయ్ ఫిల్లర్ గేజ్ పెట్టి చూశాడు, 0.2 అట్టే ఉండాది. టాప్ మీద స్కేల్ పెట్టి బ్రిడ్జ్ వెనక చూపించాడు, చెమ్మకి టాప్ చెక్క ఉబ్బింది, బ్రిడ్జ్ పైకి లేచింది, దాంతో తీగలు లేచాయి. నెక్‌ని ముట్టుకోవద్దు, ఇప్పుడు రాడ్ తిప్పితే సంక్రాంతి తర్వాత మళ్ళీ తిప్పుకోవాలి, కేస్‌లో సిలికా జెల్ సంచులు వేసి పెట్టు అని పంపించేశాడు, డబ్బులు తీసుకోలా. నిజంగానే జనవరిలో దిగిపోయింది. ఇంకో మనిషి అయితే ఆరోజు రాడ్ తిప్పి బిల్లు వేసేవాడు.

ఇంకో సంగతి కూడా చూశా. కాలేజీ పిలకాయ ఒకడు చానా చవక గిటార్ తెచ్చాడు, నెక్‌లో తిప్పే రాడ్డే లేదు, వంపు బాగా ఉండాది. రిపేర్‌కి అయ్యే ఖర్చు గిటార్ ధర కంటే ఎక్కువ అబ్బయ్యా, ఎక్స్‌ట్రా లైట్ తీగలు వేసుకో, శ్రుతి అర మెట్టు కిందకి దించుకుని నేర్చుకో, వేళ్ళు బాగా తిరిగాక మంచిది కొనుక్కుందువు అని చెప్పి శాడిల్ మాత్రం కొంచెం అరగదీసి ఇచ్చాడు. వాడు డబ్బులు తీస్తే వద్దన్నాడు.

ఇబ్బందులు కూడా చెప్పాలి. టైం మాటకి వస్తే ఈయన దగ్గర ఎప్పుడిస్తారని అడిగే పని లేదు, అయినప్పుడు అయిద్ది. చర్చిలో క్రిస్మస్ కార్యక్రమం ఉంది, పెళ్ళిలో ప్రోగ్రాం ఉంది అని వారం ముందు తీసుకుపోతే తీసుకోడు, తీసుకున్నా మీరు టెన్షన్ పడాల్సిందే. డిసెంబర్లో చర్చి క్వయర్ గిటార్లు, హార్మోనియాలు వరసగా వచ్చి ఉంటాయి, ఆ నెల వదిలేయండి. షాపు ఇరుకు, గిటార్లు దండేనికి వేలాడతా ఉంటాయి, నాకైతే మొదట భయమేసింది, కేస్ ఉంటే కేస్‌తో పాటే ఇచ్చి అందులోనే పెట్టమని అడగండి, పెడతాడు. బిల్లు ఇయ్యడు. ఎలక్ట్రిక్ గిటార్ల నెక్, ఫ్రెట్లు చేస్తాడు గానీ పికప్ వైరింగ్ ముట్టుకోడు. నెక్ కోణమే మారిపోయి బాడీ నుంచి ఊడదీసి మళ్ళీ కూర్చోబెట్టే నెక్ రీసెట్ పని చేయనని ఆయనే చెప్తాడు, దానికి చెన్నై పొమ్మంటాడు. ఖరీదైన గిటార్, ఇంకా వారంటీలో ఉంటే ముందు కంపెనీ సర్వీస్‌కే పంపండి, బయట విప్పితే వారంటీ పోయే అవకాశం ఉంటది.

చెన్నై తక్కువ చేసి చెప్పట్లా. మౌంట్ రోడ్డులో మ్యూజీ మ్యూజికల్ లాంటిది 1842 నుంచి ఉన్న కొట్టు, గిటార్లూ తీగలూ చూడాలన్నా కొనాలన్నా మనకి దగ్గర్లో అదే. కానీ 175 కిలోమీటర్లు గిటార్ వీపున వేసుకుని పినాకిని రైల్లో పోయి, ఇచ్చి వచ్చి, మళ్ళీ తెచ్చుకోవడానికి పోయి, ఏదన్నా తేడా వస్తే ఇంకోసారి పోవడం ఉద్యోగం చేసుకునేవాళ్ళకి అయ్యే పని కాదు. నెక్ పని ఒక్కసారితో అయిపోయేది కాదు, సీజన్ మారినప్పుడు చూపించుకోవాలి, అందుకే ఊళ్ళో మనిషి ఉండటం అంత ముఖ్యం. కావలి, గూడూరు, ఆత్మకూరు వాళ్ళకీ ఇదే దగ్గర.

డబ్బుల విషయం: రాడ్ సరిచేసి సెటప్ చేయడానికి ఐదొందల లోపే, నాకు రాడ్, వేడి పని, ఫ్రెట్లు, ఎముక నట్, తీగలు అన్నీ కలిపి మూడు వేల లోపు అయింది. చేసిన పనికి ఇది తక్కువే అని నా అభిప్రాయం, బేరం ఆడొద్దు దయచేసి. శుక్రవారం మధ్యాహ్నం ఉండడు, రొట్టెల పండగ రోజుల్లో షాపు అసలు తీయడు, బారాషహీద్ దర్గా కాడే ఉంటాడు. సాయంత్రం ఐదు తర్వాత పోతే తీరిగ్గా చూస్తాడు. పోయేటప్పుడు తీగలు విప్పకుండా, మీరు ఎప్పుడూ వాయించే శ్రుతిలోనే పెట్టి తీసుకుపోండి, ఏ నంబర్ తీగలు వేశారో గుర్తుంటే చెప్పండి. తీగలు విప్పి సంచిలో వేసుకుని పోతే మాత్రం ఆయన గిటార్ చేతిలోకే తీసుకోడు, బిగించుకుని రేపు రా అంటాడు.